టెక్ సందేహాలు: 5 మైక్రాన్ల ఫిల్టర్‌లో ఏది ఆగుతుంది, ఏది జారిపోతుంది?

ప్రశ్న: మాది నల్గొండ దగ్గర పల్లె. బోరు నీళ్లే ట్యాంకులోకి ఎక్కించి వాడుకుంటాం. ఆర్‌ఓ మెషిన్‌కు ముందున్న తెల్లటి స్పన్ ఫిల్టర్ నెలకే ఇటుక రంగుకు తిరుగుతోంది. 5 మైక్రాన్లది తీసి 1 మైక్రాన్‌ది వేస్తే ఫ్లోరైడ్ కూడా ఆగుతుందని షాపులో చెప్పారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. 1 మైక్రాన్ వేసినా, అర మైక్రాన్ వేసినా ఫ్లోరైడ్ ఆగదు.

మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఇంట్లో ఏ4 కాగితాల కట్ట ఉంటే స్కేలు పెట్టి చూడండి. 500 కాగితాల మందం సుమారు 5 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఒక్కో కాగితం 100 మైక్రాన్లు. తల వెంట్రుక 50 నుంచి 100 మధ్య ఉంటుంది. 40 కంటే చిన్న రేణువు విడిగా మన కంటికి ఆనదు. ఎర్ర రక్తకణం 7 లేదా 8. ఈ-కోలి బ్యాక్టీరియా పొడవు 2 మైక్రాన్లు, మందం ఒకటికి అటూఇటూ. కాబట్టి 5 మైక్రాన్ల ఫిల్టర్ ఇసుకను, ఒండ్రును, తుప్పును పడుతుంది. బ్యాక్టీరియా మాత్రం దాటిపోతుంది. పైగా మామూలు స్పన్ ఫిల్టర్ మీద రాసే 5 ‘నామినల్’ లెక్క. ఆ సైజు రేణువుల్లో ఎక్కువ భాగం ఆగుతాయనే తప్ప, ఒక్కటీ దాటదని కాదు.

ఫ్లోరైడ్ అసలు రేణువే కాదు, నీళ్లలో కరిగిపోయిన అయాన్, అంటే విద్యుదావేశం ఉన్న అతి చిన్న కణం. ఉప్పునీళ్లను ఎంత సన్నటి గుడ్డలో వడగట్టినా ఉప్పు గుడ్డలో మిగలదు కదా! ఫ్లోరైడ్‌ను తగ్గించేది ఆర్‌ఓ మెషిన్ లోపలి సన్నటి పొర, అదే మెంబ్రేన్. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 దాటకూడదు. టీడీఎస్ మీటరు ఈ సంగతి చెప్పదు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. మెషిన్‌లోకి వెళ్లే నీటిని, బయటికి వచ్చే నీటిని రెండు సీసాల్లో పట్టి ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్షే చేయించండి.

ఇటుక రంగుకు కారణం చాలావరకు ఇనుము. బోరు దగ్గరే తెల్ల బకెట్‌లో నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పట్టినప్పుడు తేటగా ఉండి, తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి చేరితే అది కరిగిన ఇనుమే. గాలి తగిలి తుప్పుగా మారింది. అలా మారకముందు ఏ స్పన్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు, అది వెళ్లి మెంబ్రేన్ మీద పేరుకుంటుంది. ఆ నీటికి ఆర్‌ఓ కంటే ముందు ఇనుము తీసే ఫిల్టర్ పెట్టాలి. పట్టిన వెంటనే నీళ్లు మట్టిరంగులో ఉంటే మాత్రం ముందు 20, తర్వాత 5 మైక్రాన్లవి వరసగా వేయండి. నేరుగా 1 మైక్రాన్‌ది వేస్తే కొద్ది రోజుల్లోనే పూడుకుపోతుంది, మెంబ్రేన్‌కు చాలినంత నీరు అందదు.

ఫిల్టర్ మార్చేటప్పుడు నల్లా మూసి, లోపలి ప్రెషర్ వదిలించి, అప్పుడే స్పానర్‌తో ఫిల్టర్ ఉండే గిన్నె విప్పండి. రబ్బరు రింగును తుడిచి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టాలి. చాలా లీకులకు మూలం ఆ మెలికే. లీకవుతోందని ఇంకా బిగిస్తే గిన్నె పగులుతుంది.

ప్రశ్న: మా ఎయిర్ ప్యూరిఫైయర్ మీద 0.3 మైక్రాన్ అని ఉంది. వైరస్ 0.1 మైక్రానే అంటారు. మరి దాటిపోదా? పోపు వేయగానే దాని మీద దుమ్ము చూపించే అంకె 300కు ఎందుకు ఎగబాకుతోంది?

జవాబు: ప్యూరిఫైయర్‌లో ఉండే పీచు ఫిల్టర్‌ను హెపా అంటారు. అది జల్లెడలా పనిచేయదు. పెద్ద రేణువులు గాలితో పాటు మలుపు తిరగలేక పీచుకు గుద్దుకుంటాయి. 0.1 లాంటి బాగా చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూఇటూ ఊగిసలాడుతూ పీచుకు అంటుకుంటాయి. ఈ రెండు దారుల్లోనూ తేలిగ్గా చిక్కనివి 0.3 దగ్గరివి. అందుకే పరీక్ష ఆ సైజులో పెడతారు. అక్కడ 99.97 శాతం ఆపిన ఫిల్టర్ 0.1 దగ్గర ఇంకా బాగా ఆపుతుంది.

పోపు పొగ నిజంగానే సన్నటి నూనె తుంపర. సెన్సర్ తప్పు కాదు. అయితే అది లేజర్ కాంతి చెదరడాన్ని బట్టి లెక్కిస్తుంది కాబట్టి కుక్కర్ ఆవిరిని కూడా దుమ్ముగానే చూపిస్తుంది. ఆవిరి అయితే కాసేపటికే తగ్గిపోతుంది. పొగ అలా తగ్గదు. కదలని గాలిలో ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి నేల చేరడానికి 100 మైక్రాన్ల రేణువుకు 6 సెకన్లు, 10 మైక్రాన్లదానికి సుమారు 8 నిమిషాలు, 1 మైక్రాన్‌దానికి దగ్గర దగ్గర 12 గంటలు పడుతుంది. కాబట్టి వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యానే సరైనది. ప్యూరిఫైయర్‌ను అక్కడ పెట్టకండి, నూనె పట్టిన హెపా మళ్లీ బాగుపడదు. దాన్ని నీళ్లతో కడగకూడదు, ముందుండే జాలీనే కడగాలి.

ప్రశ్న: 120 మైక్రాన్ల క్యారీ బ్యాగు అవునో కాదో ఇంట్లో తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు. 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ క్యారీ బ్యాగు కనీస మందం అదే. మందం కొలిచే డిజిటల్ క్యాలిపర్, 0.01 మిల్లీమీటరు చూపేది చాలు. బ్యాగు పరిస్తే రెండు పొరలు, రెండుసార్లు మడిస్తే ఎనిమిది. మడతల్లో గాలి లేకుండా అరచేత్తో అణిచి, కుట్టు దగ్గర కాకుండా మధ్యలో కొలవండి. 0.96 మిల్లీమీటర్లు రావాలి. అర మిల్లీమీటరే వస్తే అది 60 మైక్రాన్ల బ్యాగు. గుడ్డలా కనిపించే నాన్-వోవెన్ సంచులకు ఈ కొలత వర్తించదు, వాటిని చదరపు మీటరు బరువుతో చూస్తారు. 60 గ్రాములకు తగ్గకూడదు.