కొరివిదెయ్యం చేతిలో ఎవరి కొరివి?

సందేహం: మా కోనసీమ లంకల్లో రాత్రివేళ గోదావరి పాయ అవతల వెలుగు కదిలితే కొరివిదెయ్యం అనేవారు. తలకొరివికి నోచుకోకుండా పోయినవాడే అలా నిప్పు పట్టుకు తిరుగుతాడని మా మామ్మ చెప్పేది. ఈ కొరివి ఆ తలకొరివేనా? దయ్యం, దెయ్యం – ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మామ్మగారి కథ బాగుంది. కానీ పేరు ముందు పుట్టి, దాన్ని సమర్థించడానికి కథ తర్వాత పుట్టిందని నా అభిప్రాయం. కొరివి అంటే మండుతున్న కట్టె, అంతే. పొయ్యిలోంచి లాగినదీ కొరివే. ‘కొరివితో తల గోక్కోవడం’ అనే సామెతలో చావు ప్రసక్తే లేదు. చితి అంటించే సందర్భంలోనే అది తలకొరివి అవుతుంది.

పొరుగు భాషలు చూడండి. కన్నడిగులు దీన్ని కొళ్ళిదెవ్వ అంటారు, తమిళులు కొళ్ళివాయ్ పిశాచు అంటారు. కొళ్ళి అంటే కొరివి, వాయ్ అంటే నోరు. తమిళంలోనూ చితికి నిప్పు పెట్టడాన్ని కొళ్ళి పెట్టడమనే అంటారు. అయినా పేరులో నోరు ఉంది కనుక అక్కడ తికమకకు తావు లేదు. మన ఊళ్ళలోనూ ‘దాని నోట్లో నిప్పుంటుంది, నోరు తెరిస్తే వెలుగు, మూస్తే చీకటి’ అని చెప్పేవాళ్ళున్నారు. వెలిగి ఆరుతూ కదిలే వెలుగును చూసిన కన్ను పెట్టిన పేరిది. (చిత్తడి నేలల్లో ఆకూ అలమూ కుళ్ళి పుట్టే వాయువుల పని అని సైన్సువాళ్ళంటారు. ఏటి ఒడ్డునే శ్మశానం కూడా ఉంటే కథకు ఇంకేం కావాలి!)

ఇక వర్ణక్రమం. పాత రూపం కొఱవి, బండిరతో. చివరి ఇకారం నడిమి అకారాన్ని తనలా మార్చుకోగా కొరివి అయింది. దయ్యం సంస్కృత ‘దైవం’ నుంచి వచ్చిన తద్భవం. కావ్యాల్లో దయ్యమంటే దేవుడు, విధి అనే అర్థాలూ ఉన్నాయి. దేవుణ్ణి పిశాచంగా దించింది మన వాడుకే. ‘య్య’ ప్రభావంతో మాటలో దకారం ‘దె’ అయింది. కాబట్టి దెయ్యం తప్పు కాదు. గ్రాంథికంలో దయ్యము, వ్యవహారంలో దెయ్యం రాయండి. కొరివిదెయ్యం సమాసం కనుక మధ్యలో ఖాళీ వదలకండి.