పాఠకుల ప్రశ్నలు: లాంతరు నూనెకి లెక్క కట్టిన ప్రొఫెసర్

ప్రశ్న: మా అబ్బాయికి ఎమ్మెస్సీ అప్లైడ్ కెమిస్ట్రీలో సీటొచ్చింది. మామూలు కెమిస్ట్రీకీ దీనికీ తేడా ఏంటని బంధువులంతా అడుగుతున్నారు. ఈ సబ్జెక్టు చెప్పిన తొలితరం ప్రొఫెసర్లు అసలేం పని చేసేవారు? ఒక్కరి గురించైనా వివరంగా రాయండి.
– ఓ తండ్రి, భీమవరం

జవాబు: ముందుగా అబ్బాయికి నా ఆశీస్సులు. ఒక్కరి గురించే అంటే నేను బెంజమిన్ సిల్లిమన్ జూనియర్ పేరు చెబుతాను. ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. డిస్టిలేషన్ (మరిగించి, ఆవిరిని చల్లార్చి భాగాలుగా వేరు చేయడం) పాఠం వచ్చిన ప్రతిసారీ ఈయన సంగతి చెప్పకుండా ముందుకి కదిలేవాణ్ణి కాదు.

1816లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో పుట్టాడు. తండ్రి పేరూ అదే. ఆయన యేల్ కాలేజీలో పేరున్న కెమిస్ట్రీ ప్రొఫెసర్. కొడుకు అక్కడే 1837లో డిగ్రీ చేసి, తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. పరిశ్రమలకు పనికొచ్చే కెమిస్ట్రీ చెప్పడానికి 1846లో యేల్ ఆయన్ని ప్రొఫెసర్‌గా తీసుకుంది. వ్యవసాయ కెమిస్ట్రీకి జాన్ పిట్కిన్ నార్టన్ అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. పదవులైతే ఇచ్చారు గానీ జీతం ఇవ్వలేదు. 1847లో ఇద్దరూ కలిసి స్కూల్ ఆఫ్ అప్లైడ్ కెమిస్ట్రీ తెరిచారు. క్యాంపస్‌లోని ఒక పాత ఇంటిని అద్దెకి తీసుకుని, పిల్లలు కట్టే ఫీజులతోనే ల్యాబ్ నడిపారు. నార్టన్ 1852లో, నిండా ముప్ఫై ఏళ్లకే చనిపోయాడు. ఆ స్కూలే తర్వాత పెద్దదై 1861లో షెఫీల్డ్ సైంటిఫిక్ స్కూల్ అయింది. జీతం లేకుండా ల్యాబ్ నిలబెట్టడం ఎంత కష్టమో, ద్రవాలు కొలిచే గాజు గొట్టం, అదే ఒక్క బ్యూరెట్ కోసం ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగిన నాకు బాగా తెలుసు.

ఇక ఆయన పేరు నిలిపిన పని. పెన్సిల్వేనియాలో వాగుల మీద తెట్టులా తేలే నల్లటి రాతినూనెని అప్పట్లో సీసాల్లో పోసి మందుగా అమ్మేవారు. దాన్ని దీపాలకి వాడొచ్చని జార్జ్ బిస్సెల్ అనే లాయరుకి అనిపించింది. పరీక్ష చేసి చెప్పమని సిల్లిమన్‌కి అప్పగించాడు. 1855 ఏప్రిల్‌లో రిపోర్టు తయారైంది. ఫీజు 526 డాలర్ల 8 సెంట్లు. ఆ డబ్బు చేతికొచ్చేదాకా ఆయన రిపోర్టు ఇవ్వలేదు. ఇందులో నాకేమీ తప్పు కనిపించదు.

ఆయన చేసిందేమిటో చూడండి. నూనెని వేడి చేస్తూ థర్మామీటర్ చూశాడు. నీళ్లయితే మరగడం మొదలయ్యాక ముల్లు పడ్డట్టు వంద డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఈ నూనె ఎక్కడా ఆగలేదు, వేడి పెరుగుతూనే పోయింది. అంటే ఇది ఒక్క పదార్థం కాదు, చాలావాటి కలగలుపు. అందుకని ఒక్కో వేడి దగ్గర దిగిన భాగాన్ని ఒక్కో పాత్రలోకి పట్టి, తూకం వేసి, వెలిగించి, వెలుగుని కొలిచి మిగతా దీపాలతో పోల్చాడు. కనీసం సగం నూనె మంచి దీపపు నూనెగా పనికొస్తుందని, దాదాపు ఏదీ వృథా పోదని రాశాడు. ఆ కాగితాలు చూపించే బిస్సెల్ తన కంపెనీకి పెట్టుబడి సంపాదించాడు. 1859 ఆగస్టు 27న పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో 69 అడుగుల చిల్లర లోతున నూనె పడింది.

మా ఇంట్లో సాయంత్రం లాంతరు చిమ్నీ తుడవడం నా వంతు. బూడిద అద్దిన గుడ్డతో లోపలంతా తిప్పి తుడిచి, కాలిన వత్తి అంచుని కత్తెరతో సమంగా కత్తిరించేవాణ్ణి. నూనె మరీ తేలికైతే భగ్గున అంటుకుంటుంది, మరీ బరువైతే వత్తి పీల్చలేక పొగ చూరుతుంది. మధ్యలో దిగిన భాగమే దీపానికి సరిపోతుంది. ఆ మధ్య భాగాన్ని కొలిచి చూపించిన మనిషి గురించి డిగ్రీలో చదివినప్పుడు, ముందు నాకు గుర్తొచ్చింది మసి అంటిన నా వేళ్లే.

అయితే కథ ఇక్కడితో ఆగలేదు. 1864లో ఆయన గనుల సలహాదారుగా కాలిఫోర్నియా వెళ్లాడు. దక్షిణాన భూముల్లో నూనె విస్తారంగా ఉందని గొప్పగా రాసిచ్చాడు. దాన్ని నమ్మి జనం కంపెనీల్లో డబ్బు పెట్టారు. బావులు ఆశించినట్టు పారలేదు. పైగా ఆయన పరీక్షించిన శాంపిల్‌లో శుద్ధి చేసిన కిరసనాయిలు కలిసి ఉందని తేలింది. ఆయనే కలిపాడని ఎవరూ రుజువు చేయలేకపోయారు. అక్కడి ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్త జొసయా విట్నీ మాత్రం వదిలిపెట్టలేదు. యేల్ స్కూల్లోనే చదివిన విలియం బ్రూయర్ కూడా విట్నీ వైపే నిలబడ్డాడు. చివరికి 1870లో సిల్లిమన్ యేల్ కాలేజీ పదవి వదులుకోవాల్సి వచ్చింది. మెడికల్ స్కూల్లో పాఠం మాత్రం మిగిలింది. నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నుంచి కూడా ఆయన్ని తీసేయించాలని విట్నీ పట్టుబట్టాడు. అది కుదరక 1874లో విట్నీయే అకాడమీ నుంచి బయటికి వెళ్లిపోయాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో కొత్తలో ఒక వ్యాపారి సీసాలో నూనె తెచ్చి పరీక్షించమన్నాడు. చేసి, బాగుందని సంతకం పెట్టాను. నెల తర్వాత అదే కాగితం చూపించి వేరే సరుకు అమ్మాడని తెలిసింది. రెండు రాత్రులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. నా లెక్కలో తప్పు లేదు. కానీ ఆ సీసా నేను నింపింది కాదు. ‘మాకు తెచ్చి ఇచ్చిన శాంపిల్ మేరకే ఈ ఫలితాలు’ అని ల్యాబులు అడుగున అచ్చు వేసే ఆ వాక్యం విలువ అప్పుడు తెలిసింది. సిల్లిమన్ కాలిఫోర్నియాలో పొరబడింది కెమిస్ట్రీలో కాదు, ఆ సీసా విషయంలో అని నేను గట్టిగా నమ్ముతాను.

1885 జనవరిలో ఆయన చనిపోయాడు. ఐదేళ్లకి, 1890లో, ఆయన నూనె ఉందన్న దక్షిణ కాలిఫోర్నియాలోని వెంచురా ప్రాంతంలోనే శాంటా పౌలాలో యూనియన్ ఆయిల్ కంపెనీ పుట్టింది.

ప్రశ్న: రేషన్ కిరసనాయిలు నీలంగా ఎందుకు ఉండేది? – డిగ్రీ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: అది నూనె సొంత రంగు కాదమ్మా, కలిపిన రంగు. సబ్సిడీ నూనె పక్కదారి పట్టి డీజిల్‌లో కలిస్తే కంటికి తెలియాలని కలిపేవారు. శుద్ధి చేసిన కిరసనాయిలుకి రంగు ఉండదు. పైన చెప్పిన కాలిఫోర్నియా సీసాలో అది కలిసినా, చూపుకి దొరకకపోవడానికి అదే కారణం.