టెక్ సందేహాలు: లినక్స్ లాప్‌టాప్ స్లో అయితే ముందు ఫార్మాట్ కొట్టకండి

ప్రశ్న: అన్నా, నాది ఐ3 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, ఉబుంటు 22.04 వేసుకున్న. మొన్నటిదాకా మంచిగనే నడిచింది, నెల నుంచి ఫోల్డర్ తెరిచినా చక్రం తిరుగుతనే ఉంటది, ఒక్కోసారి మౌస్ కూడా ఆగిపోతుంది. టాప్ కమాండ్‌లో చూస్తే సీపీయూ ఖాళీగనే ఉంది, లోడ్ యావరేజ్ మాత్రం 9 దాటుతుంది. ర్యామ్ 200 ఎంబీయే ఫ్రీ అని చూపిస్తుంది. దోస్తులేమో ఫార్మాట్ కొట్టి మళ్ల వేసుకో అంటున్నరు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మొత్తం దీంట్లనే ఉంది. ఏం చెయ్యాలె?
- బీటెక్ స్టూడెంట్, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, ఇది చదవడం ఆపి ముందు ఆ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ పెట్టెయ్, మిగతాది తర్వాత. ఎందుకంటే నువ్వు రాసిన లక్షణాలు చూస్తే నాకు అనుమానం ఉబుంటు మీద కాదు, హార్డ్‌డిస్క్ మీద. అదే నిజమైతే ఫార్మాట్ కొట్టడం అంత చెడ్డ సలహా ఇంకోటి లేదు, పోతున్న డిస్క్ మీద కొన్ని జీబీలు కొత్తగా రాయిస్తావు, ఉన్న డేటా పోతుంది, రెండు వారాల్లో మళ్లీ ఇదే స్లో.

ర్యామ్ సంగతి ముందు తేల్చేద్దాం. 200 ఎంబీ ఫ్రీ అని కంగారు పడకు. లినక్స్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ని ఊరికే వదలదు, ఈమధ్య చదివిన ఫైళ్లని అందులో క్యాష్‌గా పెట్టుకుంటుంది, ఏదైనా ప్రోగ్రామ్ అడగ్గానే ఖాళీ చేసి ఇచ్చేస్తుంది. కాబట్టి టెర్మినల్‌లో ఫ్రీ, స్పేస్, హైఫన్, హెచ్ అని కొట్టి 'ఫ్రీ' కాలమ్ కాదు, చివర్లో ఉండే 'అవైలబుల్' కాలమ్ చూడు. అక్కడ 2, 3 జీబీ కనిపిస్తే ర్యామ్‌కి ఏ సమస్యా లేదు. ర్యామ్ క్లీనర్లు, క్యాష్ ఖాళీ చేసే కమాండ్లు యూట్యూబ్‌లో చాలా చెప్తుంటారు, అవి వాడితే ఉన్న క్యాష్ పోయి అన్నీ మళ్లీ డిస్క్ నుంచే చదవాల్సొస్తుంది, ఇంకా స్లో అవుతుంది.

ఇప్పుడు అసలు క్లూ, లోడ్ యావరేజ్. సీపీయూ ఖాళీ, లోడ్ 9, ఇదెలా అని చాలామంది తికమక పడతారు. లినక్స్‌లో లోడ్ అంటే సీపీయూ మీద నడుస్తున్నవి, సీపీయూ కోసం లైన్లో ఉన్నవి మాత్రమే కాదు, డిస్క్ నుంచి జవాబు రాక మధ్యలో ఇరుక్కుపోయిన ప్రాసెస్‌లని కూడా లెక్కలో కలుపుతుంది. సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ ఎక్కువుందంటే పనులన్నీ దేనికోసమో ఎదురుచూస్తున్నాయని, ఆ దేనికోసం అన్నది నూటికి తొంభై సార్లు డిస్కే. టాప్‌లో పైన సీపీయూ లైన్లో 'డబ్ల్యూఏ' అని ఒక అంకె ఉంటుంది, సీపీయూ డిస్క్ కోసం ఊరికే కూర్చున్న టైమ్ అది. అది 30, 40 మీద నిలబడి ఉంటే, కింద లిస్టులో ప్రాసెస్‌ల పక్కన 'ఎస్' కాలమ్‌లో 'డి' అక్షరం పదే పదే కనిపిస్తుంటే ఇక వేరే చోట వెతకక్కర్లేదు.

కానీ డిస్క్ స్లో అంటే రెండు రకాలు, ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. ఒకటి, ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఊపిరాడకుండా చదివిస్తోంది. రెండు, డిస్కే పోతోంది. తేడా తెలియాలంటే ఐఓటాప్ ఇన్‌స్టాల్ చేసి సుడోతో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) నడుపు, ఏ ప్రాసెస్ సెకనుకి ఎన్ని ఎంబీలు చదువుతోందో రాస్తోందో చూపిస్తుంది. ఎవరో ఒకరు పదుల ఎంబీలు లాగేస్తుంటే దొంగ దొరికినట్టే. నోడ్ మాడ్యూల్స్ లాంటి వేల చిన్న ఫైళ్లున్న ఫోల్డర్ డాక్యుమెంట్స్‌లో పెడితే ఉబుంటులో వెతుకులాట కోసం పనిచేసే ట్రాకర్ మైనర్ అన్నది వాటన్నింటినీ చదువుతూ కూర్చోవచ్చు, అలాంటప్పుడు సెట్టింగ్స్‌లో సెర్చ్ దగ్గరికెళ్లి ఆ ఫోల్డర్ తీసెయ్. అలా కాకుండా ఐఓటాప్‌లో కేబీల్లో కూడా సరిగ్గా డేటా కదలట్లేదు, అయినా డబ్ల్యూఏ ఎక్కువే ఉందంటే అదే భయపడాల్సిన సంగతి. డిస్క్ ఒక చెడిపోయిన చోటుని చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట, అంతసేపూ మిగతా అందరూ ఆగాల్సిందే, మౌస్ ఆగిపోవడం కూడా అందుకే అయ్యుండొచ్చు.

ఖాయం చేసుకోవడం కష్టం కాదు. ఉబుంటులో 'డిస్క్స్' అనే యాప్ ఉంటుంది, నీ డ్రైవ్ సెలెక్ట్ చేసి పైన మూడు చుక్కల మెనూలో స్మార్ట్ డేటా, అంటే డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, తెరువు. కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్, రీఅలొకేటెడ్ సెక్టర్ కౌంట్, ఈ రెండూ చూడు. మొదటిది చదవలేక పెండింగ్‌లో పెట్టిన చోట్లు, రెండోది చెడిపోయాయని డ్రైవ్ వేరే చోటికి మార్చేసినవి. పెండింగ్ సున్నా కాకపోతే, అందులోనూ రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్క్‌ని ఇక నమ్మకు. పైన 'డిస్క్ ఈజ్ ఓకే' అని రాసున్నా సరే, ఆ మాట చాలా ఆలస్యంగా మారుతుంది. అలాగే సుడో పెట్టి డీమెస్గ్ (సిస్టమ్ లోపలి సందేశాలు చూపించే కమాండ్) కొట్టి చివర్లో ఐఓ ఎర్రర్ అని లైన్లున్నాయేమో చూడు. ఉంటే రిపేర్ టూల్స్ జోలికి పోకు, ఫైల్ సిస్టమ్ సరిచేసే ఎఫ్ఎస్‌సీకే కూడా ఇప్పుడు వద్దు, కావాల్సిన ఫైళ్లు బయటికి తీసుకోవడమే పని. కాపీ మధ్యలో ఆగిపోతుంటే డీడీరెస్క్యూ అని ఒకటుంది, బాగున్న చోట్లన్నీ ముందు తీసేసి చెడ్డవి చివర్లో ప్రయత్నిస్తుంది.

డిస్క్ బానే ఉందని తేలితే మిగిలేది స్వాప్. ఫ్రీ కమాండ్‌లోనే 'స్వాప్' అని మొదలయ్యే లైన్ అది. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు కలిపి 8 జీబీలో పట్టవు, ర్యామ్ సరిపోక హార్డ్‌డిస్క్‌ని ర్యామ్‌లా వాడుకుంటుంటే ఇలాగే పాకుతుంది. ఎమ్యులేటర్ వదిలేసి నీ ఫోన్‌నే యూఎస్‌బీతో కనెక్ట్ చేసి యాప్ టెస్ట్ చేసుకో, చాలా తేడా వస్తుంది. స్వాపినెస్ (స్వాప్ ఎంత తొందరగా వాడాలో చెప్పే సెట్టింగ్) 60 నుంచి 10 చెయ్యి అని అందరూ చెప్తారు, చేస్తే చెయ్ కానీ లేని ర్యామ్ దానివల్ల పుట్టదు. ఉబుంటు ఉండే రూట్ పార్టిషన్ నిండిపోలేదు కదా అని డీఎఫ్, హైఫన్ హెచ్‌తో ఒక్కసారి చూసుకో, అంతే.

ఏది తేలినా నా మాట, హార్డ్‌డిస్క్ బదులు తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయించు. లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కల్ని సెకనుకి వంద చిల్లర చోట్ల నుంచే చదవగలదు, మామూలు సాటా ఎస్ఎస్‌డీ పదుల వేల చోట్ల నుంచి చదువుతుంది, ఉబుంటు బూట్ అవ్వడం అంటే అలాంటి చిన్న ఫైళ్లు వేలల్లో చదవడమే కాబట్టి కొత్త మెషీన్ కొన్నట్టే ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ కాంప్లెక్స్‌కి వెళ్తే అక్కడే బిగించి ఇచ్చే షాపులున్నాయి, వెళ్లేముందు నీ మోడల్లో ఎమ్ డాట్ టూ స్లాట్ (చిన్న కార్డులాంటి ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) ఉందా లేదా, ఉంటే అది తీసుకునేది సాటా రకమా ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకమా కనుక్కొని వెళ్లు, బిల్లు తీసుకో, పాత డిస్క్ మాత్రం షాపులో వదిలేసి రాకు, దాంట్లో నీ ఫైళ్లున్నాయి.

ప్రశ్న: నమస్కారం. నేను రిటైర్డ్ టీచర్‌ని, లినక్స్ మింట్ వాడుతున్నాను. ఛార్జర్ పాడైతే వేరే కంపెనీది కొన్నాం, అప్పట్నుంచీ ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా లాప్‌టాప్ నత్తలా ఉంది. వైరస్ ఏమైనా వచ్చిందా?
- మల్కాజిగిరి

జవాబు: వైరస్ కాదు మేడమ్, మీ ప్రశ్నలోనే జవాబుంది. కొన్ని లాప్‌టాప్‌లు ఛార్జర్ మధ్య పిన్ ద్వారా అది ఎన్ని వాట్‌లదో అడిగి తెలుసుకుంటాయి, జవాబు రాకపోతే ఎందుకైనా మంచిదని సీపీయూ వేగాన్ని బాగా తగ్గించేస్తాయి, బ్యాటరీ ఎక్కించడం కూడా ఆపేస్తాయి. మింట్ తప్పు కాదిది, మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మారదు. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద ఐదు నిమిషాలు వాడి చూడండి, వేగం తిరిగొస్తే ఛార్జరే కారణం. బ్యాటరీ మీద కూడా అలాగే ఉంటే ఫ్యాన్ దుమ్ము పట్టి వేడెక్కుతోందేమో చూపించండి, మన దగ్గర మే నెల ఎండలకి అది మామూలే. కొత్తది కొనేటప్పుడు పాత ఛార్జర్ మీద అవుట్‌పుట్ అని రాసున్న చోట వోల్ట్‌లు, ఆంప్స్ ఫోటో తీసుకెళ్లండి, వోల్ట్‌లు అంతే ఉండాలి, ఆంప్స్ అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, అన్నింటికంటే ముఖ్యం మీ లాప్‌టాప్ కంపెనీదే అడగండి, షాపులోనే తగిలించి బ్యాటరీ ఎక్కుతోందని చూసుకున్నాకే డబ్బులివ్వండి.