మేనకోడలికి: కేప్ వెర్డేలో వాన లెక్క రాసే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆఫ్రికాకు పడమట అట్లాంటిక్ సముద్రంలో ఉన్న కేప్ వెర్డే దీవుల్లో వానమాపకాలు పెట్టి లెక్కలు చూసే పని నీకు వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. బయల్దేరే లోపు ఈ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదువు తల్లీ.

ముందు మ్యాపు తెరువు. రాజధాని ప్రాయా మన కావలి ఉన్న అక్షాంశం మీదే ఉంది. ఉత్తరాన మిండెలో అనే రేవు పట్టణం మన కాకినాడ అక్షాంశానికి సరిసమానం. కాకినాడలో ఏడాదికి వెయ్యి మి.మీ. దాటి కురుస్తుంది, మిండెలోలో సగటున రెండు వందలు కూడా ఉండదు. దీనికి కారణం ఉత్తరాన అజోర్స్ దీవుల దగ్గర తిష్ఠ వేసుకున్న అధిక పీడనం. అక్కడ గాలి పైనుంచి కిందికి దిగుతూ వేడెక్కి, పొడిబారిపోతుంది. కింద ఈశాన్య వ్యాపార పవనాలు కానరీ అనే సముద్ర ప్రవాహపు చల్లని నీటి మీదుగా వీస్తాయి. వాటిలో తేమ ఉంటుంది, కానీ ఆ తేమ పొర మీద వెచ్చని పొడిగాలి మూతలా కూర్చుంటుంది. మేఘం పుడుతుంది, ఎదగదు.

అందుకే అక్కడ కొండ ఉన్న దీవి వేరు, లేని దీవి వేరు. సాల్, బోవా విస్టా, మాయో బాగా అరిగిపోయి చదునుగా ఉన్న దీవులు. మేఘాన్ని ఆపేది ఏదీ లేదు. సాల్ అంటేనే ఉప్పు, ఆ దీవికి ఉప్పుమళ్ల వల్ల వచ్చిన పేరది. కొండల దీవి సాంతో అంతావ్‌లో ఈశాన్యానికి ముఖం పెట్టిన పావుల్ లోయలో చెరకు, అరటి పండుతాయి. అదే కొండకు అవతల వాలులో పోర్తో నోవో ఎండిపోయి ఉంటుంది. అయితే ఎత్తు పెరిగేకొద్దీ వాన పెరుగుతుందని గీత గీసేయకు. మూత పొర దాటాక మళ్లీ పొడే. 2,829 మీటర్ల ఫోగో శిఖరం చాలా రోజులు మేఘాల పైనే ఉంటుంది.

అసలు వాన ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. అప్పుడు భూమధ్యరేఖ దగ్గరి వానపట్టీ ఉత్తరానికి జరుగుతుంది. ఆఫ్రికా మీదుగా మూడు నుంచి ఐదు రోజులకొకటిగా తూర్పు నుంచి గాలి అలలు వస్తాయి. వాటిలో కొన్నే దీవుల మీద బాగా కురుస్తాయి. పట్టీ ఆ ఏడాది దక్షిణానే ఆగిపోతే, 2017లోలాగా పంట చేతికి రాదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరాది దీవులకు సమశీతోష్ణ మండలపు ద్రోణుల వల్ల చిన్న జల్లులు పడవచ్చు. ఈ రెంటినీ ఒకే గంపలో వెయ్యకు. ప్రతి వానకూ తేదీ పక్కన గాలి దిక్కు, మేఘం తీరు రాయించు. లెక్కల ఏడాదిని జూన్‌లో మొదలుపెట్టి మేలో ముగించు, శీతాకాలపు జల్లులు రెండు ముక్కలు కావు.

ఇక పని. సాంతో అంతావ్‌లో కనీసం ఐదు మాపకాలు కావాలి: పోర్తో నోవో తీరం, ఆ వాలులో 600 మీటర్ల దగ్గర ఒకటి, కోవా దగ్గరి కొండగట్టు, అవతల మళ్లీ 600 మీటర్లు, పావుల్ తీరం. మాపకం అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తున ఉండాలి. దగ్గరి గోడ, చెట్టు ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరమైనా ఉండాలి. గట్టు మీద గాలి ఎక్కువ. అది చినుకుల్ని గరాటు మీదుగా ఎగరేసుకుపోతుంది, ముఖ్యంగా సన్నని తుంపరని. అక్కడ 3 మీటర్ల వ్యాసంలో 30 సెం.మీ. ఎత్తున రాతివలయం కట్టించు, బయటివైపు మట్టి ఏటవాలుగా పోయించు.

టిప్పింగ్ బకెట్, అంటే చిన్న తొట్టి నిండినప్పుడల్లా ఒరిగి దానంతటదే లెక్కపెట్టే మాపకం, ఒక్కదాన్నే నమ్ముకోకు. కుండపోతలో అది తక్కువ లెక్కపెడుతుంది. పక్కనే 200 చ.సెం.మీ. గరాటున్న మామూలు మాపకం పెట్టు. దానికి 1 మి.మీ. వాన అంటే 20 మి.లీ. నీళ్లు. 10 లీటర్ల సీసా పెడితే 500 మి.మీ. దాకా పడుతుంది. 4 లీటర్లదైతే 200కే నిండి పొర్లుతుంది. 2025 ఆగస్టు 11న మిండెలోలో కొద్ది గంటల్లోనే ఏడాది సగటును మించి కురిసింది, గుర్తుంచుకో.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వానలు లేని పొడి నెలల్లో వస్తుంది. సహారా దుమ్మును అక్కడివాళ్లు బ్రూమ సెక అంటారు. 1832 జనవరిలో బీగిల్ ఓడ ప్రాయాలో లంగరు వేసేముందు శాస్త్రవేత్త డార్విన్ ఆ దుమ్మును పోగుచేశాడు. అది గరాటు గొంతులో పేరుకుని, మంచుకు తడిసి, గట్టిపడుతుంది. దాని మీద సాలెగూడు. మొదటి వానకు నీళ్లు గరాటులోనే నిలిచి ఆవిరైపోతాయి. కాయితం మీద మాత్రం సున్నా పడుతుంది. కాబట్టి చుక్క పడకపోయినా వారానికోసారి మనిషి వెళ్లాలి. నెలకోసారి 200 మి.లీ. నీళ్లు కొలిచి, ఇరవై నిమిషాల పాటు బొట్లు బొట్లుగా పోయించు. దాని గరాటు కూడా 200 చ.సెం.మీ.దే అయితే, 0.2 మి.మీ. బకెట్ యాభైసార్లు ఒరగాలి. నలభై ఎనిమిది కంటే తగ్గితే విప్పి కడగాలి.

ఎవరూ వెళ్లని రోజు గడిలో సున్నా రాయనివ్వకు, గీత కొట్టించు. పాత రికార్డుల్లో ఖాళీ గడిని సున్నాగా ఎక్కించారేమో ఒక్కో నెలా చూడు. 1940ల కరువుల్లో ఆ దీవుల్లో పదుల వేలమంది చనిపోయారు. అలాంటిచోట లేని కరువును పుట్టించినా, ఉన్నదాన్ని చెరిపేసినా తప్పే. ఇంకొకటి, అక్కడి రాతకోతలు పోర్చుగీసులో ఉంటాయి, దశాంశానికి కామా వాడతారు. 12,5 అంటే పన్నెండున్నర. కంప్యూటర్ దాన్ని 125గా తీసుకుంటే నీ ఏడాది మొత్తం పాడు.

సగటు కంటే మధ్యస్థం, అంటే లెక్కలన్నీ చిన్న నుంచి పెద్దకు వరుసగా పెడితే నడిమికి వచ్చేది, చూడు; వాన పడిన రోజులు లెక్కపెట్టు. రైతుకు కావలసింది ఇంకా వేరు. వాళ్లు మొక్కజొన్న, చిక్కుళ్లు కలిపి, మన రాయలసీమలో పొడిదుక్కిలో విత్తినట్టు, వానకు ముందే గింజ నాటుతారు. మొదటి పదునుకు మొలిచి, తర్వాత బెట్ట తగిలితే విత్తనం పోయినట్టే. అందుకని మొదటి 20 మి.మీ. వాన తర్వాత వరుసగా ఎన్ని పొడి రోజులు వచ్చాయో ప్రతి ఏడాదికీ ఒక పట్టిక వెయ్యి.

ప్రాయా ఉన్న సాంతియాగో దీవిలో సెర్రా మలగేటా కొండ మీద పొగమంచు నీళ్లు పడతారు. నువ్వూ కొలిస్తే, 1 చ.మీ. చట్రానికి 35 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ రెండు పొరలు బిగించి, అడుగు అంచు నేలకు 2 మీటర్ల పైన ఉండేలా, ఈశాన్య గాలికి ఎదురుగా నిలబెట్టు. ఆ నీటిని రోజుకు లీటర్లలో వేరే వరుసలో రాయి, వానలో కలపకు. గాలివాన కూడా వలకు తగులుతుంది కనుక పక్కన వానమాపకం తప్పనిసరి.

చేరగానే ప్రతి మాపకం దగ్గర నిలబడి నాలుగు దిక్కులా ఫొటోలు తీసి, ఎత్తుతో సహా నాకు పంపు. నాలుగేళ్లలో పక్కన గోడ లేస్తుంది, చెట్టు పెరుగుతుంది. అప్పుడు వాన తగ్గిందా, చోటు మారిందా అన్నది ఆ ఫొటోలే చెప్తాయి.

ఉంటాను తల్లీ.
మామయ్య