మత్తులో ఉన్న ఈము ఊపిరిని కనిపెట్టుకోవడం

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

ఈముకు కాలి ఆపరేషన్ పెట్టుకున్నావు కదా. ఊపిరి చూడటానికి వేరే పనేమీ అప్పజెప్పని మనిషిని ఒకరిని కూర్చోబెట్టు. పరికరాలు ఎన్ని ఉన్నా ఆ మనిషి తర్వాతే.

పట్టుకున్నాక ఈము రొప్పుతుంది, అప్పటి లెక్క పనికిరాదు. పొద్దున్నే దొడ్లో నిమ్మళంగా ఉన్నప్పుడు దూరం నుంచే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో రాసుకో. మత్తులో అది సగానికి పడిపోతే ఐసోఫ్లురేన్ (పీల్చే మత్తు మందు) తగ్గించి, ఊపిరి అందించే బ్యాగు నొక్కడం మొదలుపెట్టు. పూర్తిగా ఆగేదాకా చూడకు. పక్షి ఊపిరితిత్తుల్లో నిలవ ఉండే గాలి చాలా తక్కువ. కుక్క ఓర్చుకున్నంతసేపు ఇది ఓర్చుకోలేదు.

పక్షికి డయాఫ్రం (ఊపిరి పీల్చడానికి రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండే కండ) ఉండదని నీకు తెలుసు. రొమ్ము ఎముక కదిలితేనే గాలి తిత్తులు నిండుతాయి. అందుకే పక్కకు పడుకోబెట్టు, వెల్లకిలా వద్దు. రొమ్ము మీద చెయ్యి ఆనించడం, కత్తెరలు పెట్టడం, పట్టీ బిగించడం ఏదీ జరగకూడదు. కింద రొమ్ము కదలిక కనబడేలా, అవతలివైపు కనిపించే పలచని ప్లాస్టిక్ డ్రేపు (ఆపరేషన్‌లో ఒంటిమీద కప్పే తెర) కప్పు.

ఊపిరి కోసం గాలిగొట్టంలోకి ట్యూబు వేయడం తేలికే, గాలిగొట్టం నోరు నాలుక మొదట్లోనే కనబడుతుంది. దాని వలయాలు పూర్తిగా మూసుకుని ఉంటాయి, సాగవు. కాబట్టి కఫ్‌లో (ట్యూబు చుట్టూ ఉబ్బే బుడగలో) గాలి నింపకు. నింపితే లోపలి పొర ఒరుసుకుపోయి, కొన్నాళ్లకు అక్కడ నాళం ఇరుకవుతుంది.

ఈముతో ఇంకో చిక్కుంది. మెడ కింది భాగంలో గాలిగొట్టానికి ముందువైపు ఒక చీలిక, దానికి అంటుకుని ఒక సంచి ఉంటాయి. బ్యాగు నొక్కినప్పుడు గాలి రొమ్ములోకి పోకుండా ఆ సంచిలోకి పోయి మెడ ఉబ్బుతుంది. బ్యాగు ఖాళీ అయింది కాబట్టి ఊపిరి అందిందనుకుంటాం, అందదు. మెడ కిందిభాగానికి సాగే బ్యాండేజీ ముందే చుట్టు. జుగులర్ సిర (మెడలోని పెద్ద రక్తనాళం) నొక్కుకోకుండా లోపల వేలు దూరేంత వదులు ఉంచు.

బ్యాగు నిమిషానికి 6 నుంచి 10 సార్లు, 10–15 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటకుండా నొక్కు. ప్రతిసారీ రొమ్ము లేచిందా అన్నది ఎంత ముఖ్యమో, తిరిగి దిగిందా అన్నదీ అంతే. లేచి దిగకపోతే ట్యూబులో చీమిడి అడ్డుపడింది. క్యాప్నోగ్రాఫ్ (వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే పరికరం) ఉంటే గీత నిటారుగా లేవకుండా ఏటవాలుగా ఎక్కుతుంది. వెంటనే సన్నటి గొట్టంతో లాగెయ్యి, లేదా ట్యూబు మార్చు. చీమిడిని చిక్కబరుస్తుంది కనుక అట్రోపిన్ (స్రావాలు తగ్గించే మందు) అలవాటుగా ఇవ్వొద్దు.

వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్ 30–45 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉండనివ్వు. అంకె ఉన్నట్టుండి సున్నా అయితే ముందు ట్యూబు ఊడిందేమో చూడు, ఆ క్షణంలోనే డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే పరికరంలో) గుండె చప్పుడు విను. ఆక్సిమీటరు (రక్తంలో ఆక్సిజన్ కొలిచేది) మనిషి రక్తానికి లెక్కకట్టింది. దాని అంకెను నమ్మకు, పడిపోతోందా అన్నదే చూడు.

మత్తు ఆపాక ఆక్సిజన్ కొనసాగించు. ఈము తానే తల పైకెత్తి, మింగబోయేదాకా ట్యూబు తీయకు. కాళ్లు తన్నడం మొదలుపెట్టేలోపే మనుషుల్ని దాని వీపువైపుకు జరిపెయ్యి.