నెబ్బియో బిషప్పు, ఎనిమిది వరుసల కీర్తనలు, అటక మీది కట్టలు

సంస్కరణోద్యమ కాలంలో క్యాథలిక్ బిషప్పులకు పాత నిబంధన మూలభాష అయిన హీబ్రూ రాదనీ, ఆ భాషను తవ్వి తీసినవారు ప్రొటెస్టెంట్లేననీ మీ సంఘంలో ఒకరు ప్రసంగించారని రాసి, అది ఎంతవరకు నిజమని అడిగారు. చాలామంది బిషప్పులకు రాదన్న మాట నిజమే. ఆనాటి ఐరోపా క్రైస్తవుల్లో ఆ భాష వచ్చినవారే అరుదు. రెండవ మాట మాత్రం పొరపాటు. ఆ ఉద్యమానికి నాయకుడైన మార్టిన్ లూథర్ హీబ్రూ నేర్చుకోవడానికి ఆసరా చేసుకున్న వ్యాకరణం 1506లో యోహాన్ రాయిక్లిన్ ప్రచురించినది. ఆ రాయిక్లిన్ లూథర్ పక్షంలో చేరలేదు, 1522లో క్యాథలిక్కుగానే కన్నుమూశాడు. లూథర్ 95 సిద్ధాంతాలు వెలువడిన 1517కు ఏడాది ముందే, జెనోవా నగరంలో ఒక క్యాథలిక్ బిషప్పు సొంత సొమ్ము పెట్టి కీర్తనల గ్రంథాన్ని హీబ్రూ మూలంతో సహా అచ్చు వేయించాడు. ఆయన పేరు అగోస్తీనో జుస్తినియానీ. మీ ప్రశ్నకు జవాబు ఇంతే. ఇక మీదట రాసేది నేను చాలాకాలంగా ఎవరికైనా చెప్పాలనుకుంటున్నది.

ఆయన పేరు నాకు చదువు వల్ల తెలియలేదు, ఒక తప్పు వల్ల తెలిసింది. 2003లో నేను గుంటూరులో డీటీపీ సెంటరు నడుపుతుండగా, ఒక వృద్ధ క్యాథలిక్ గురువు తన గురుపట్టాభిషేక స్వర్ణోత్సవానికి వచ్చేవారికి పంచడానికి చిన్న పుస్తకం చేయించుకోవాలని వచ్చారు. అందులో ఉండవలసినది ఒకే కీర్తన, ఆకాశం దేవుని మహిమను చాటుతోందని మొదలయ్యే పందొమ్మిదవది. తెలుగు, లాటిన్, హీబ్రూ మూడూ పక్కపక్కన మూడు నిలువు వరుసల్లో రావాలన్నారు. నాకు హీబ్రూలో ఒక్క అక్షరం రాదు. ఆయన తెచ్చిన జిరాక్సు కాగితాన్ని ముందు పెట్టుకుని, ఆయనే సంపాదించి తెచ్చిన ఫాంటుతో, ఎడమవైపు నుంచి ఒక్కొక్క ఆకారాన్నీ బొమ్మ గీసినట్టుగా కొట్టుకుంటూ పోయాను. చూడటానికి ఒకేలా ఉండే దాలెత్, రేష్ అనే అక్షరాల మధ్య తేడా కనిపెట్టడానికి మా అమ్మాయి భూతద్దం వాడవలసి వచ్చింది.

లాటిన్ వరుసకు ఆయన 18వ కీర్తన అని శీర్షిక రాసి ఇచ్చారు. మా ప్రూఫ్ రీడరు అది పొరపాటనుకుని 19 అని దిద్దాడు. నిజానికి గ్రీకు, లాటిన్ పాఠాలు తొమ్మిది, పది కీర్తనలను కలిపి ఒకటిగా లెక్కిస్తాయి కనుక అక్కడి నుంచి చాలా దూరం సంఖ్య ఒకటి వెనకబడుతుంది. ఫాదర్ గారు నవ్వి, మళ్లీ 18 వేయించి వెళ్లారు. ఆ తరువాత తెలుగు వరుసకు చోటు చాలడం లేదని నేను హీబ్రూ వరుసను సన్నం చేశాను. ఆ ప్రూఫు ఆయనకు మళ్లీ చూపించలేదు. 500 ప్రతులు అచ్చయి, పిన్నింగ్ కూడా పూర్తయి వచ్చాక ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "బాబూ, దావీదు గారిని తలకిందులుగా వేలాడదీశావు" అన్నారు. కుడి నుంచి ఎడమకు చదవవలసిన వాక్యాన్ని నేను ఎడమ నుంచి కొట్టాను కదా, వరుస సన్నబడి పంక్తి విరిగినప్పుడు వచనం చివరి మాటలు పై పంక్తిలో నిలిచి, మొదటి మాటలు కింది పంక్తికి జారిపోయాయి. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ప్రతి పంక్తీ విడిగా సరిగ్గానే ఉంది, వచనం మాత్రం కింది నుంచి పైకి నడుస్తోంది.

మళ్లీ వేసి ఇస్తానని, డబ్బు అక్కర్లేదని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం మా దుకాణంలో బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ, "ఇలాంటి పని నీకన్నా ముందు ఒక బిషప్పు చేశాడు, ఆయన తప్పు చేయలేదు గాని, ఆయన పుస్తకాలూ అమ్ముడుపోలేదు" అని జుస్తినియానీ సంగతి మొదలుపెట్టారు.

1470లో జెనోవాలో పుట్టిన ఆ మనిషి యౌవనంలోనే దొమినికన్ అనే సన్యాసుల సభలో చేరి, భాషలకే అంకితమై, 1514లో పదవ లియో పోపు చేత కోర్సికా ద్వీపంలోని నెబ్బియో మేత్రాసనానికి (బిషప్పు పాలించే ప్రాంతానికి) బిషప్పుగా నియమితుడయ్యాడు. అది పేద మేత్రాసనం. రెండేళ్ల తరువాత పియెత్రో పావోలో పోర్రో అనే ముద్రాపకుని చేత జెనోవాలో ఆ కీర్తనల గ్రంథాన్ని అచ్చు వేయించి, లియో పోపుకే అంకితం చేశాడు. పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా ఉండే రెండు పుటల మీద ఎనిమిది నిలువు వరుసలు కనిపిస్తాయి. ఎడమ పుటలో హీబ్రూ, దాని పక్కన దానికి మాటకు మాటగా లాటిన్, ఆ పక్కన చర్చిలో చదివే పాత లాటిన్, తరువాత గ్రీకు. కుడి పుటలో అరబిక్కు, అరమాయిక్కు, దానికి లాటిన్, చివరి వరుసలో ఆయన వ్యాఖ్యలు. మూడు వరుసలతో చేతులు కాల్చుకున్నవాడిగా చెబుతున్నాను: సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చే కాలంలో, కుడి నుంచి నడిచే మూడు భాషలనూ ఎడమ నుంచి నడిచే రెండు భాషలనూ ఒకే వచనం దగ్గర ఎదురెదురుగా నిలబెట్టడం ఏ వేదాంత వాదం కన్నా కష్టమైన పని. స్పెయిన్‌లో అల్కాలాలో కార్డినల్ సిస్నేరోస్ చేయించిన మహా బహుభాషా బైబిల్ 1517 నాటికే అచ్చు పూర్తయినా, 1520లో పోపు అనుమతి వచ్చేదాకా బయటికి రాలేదు. కనుక పాఠకుల చేతికి ముందుగా అందినది జెనోవా కీర్తనలే. ఇది కేవలం నమూనా అనీ, బైబిలంతా ఇదే తీరున వేయాలనీ ఆయన సంకల్పం.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ పందొమ్మిదవ కీర్తన దగ్గర ఆయన చేసిన పని. నాలుగవ వచనంలో భూదిగంతాల ప్రస్తావన వస్తుంది. అక్కడికి రాగానే బిషప్పుకు తన ఊరివాడొకడు గుర్తుకు వచ్చాడు. వ్యాఖ్య వరుసలో కీర్తనను పక్కన పెట్టి, పదేళ్ల కిందట చనిపోయిన క్రిస్టఫర్ కొలంబస్ కథ ఎత్తుకుని, అతని సముద్రయానాల గురించి పుటలు దాటుతూ చెప్పుకుంటూ పోయాడు. ఈ ప్రవచనాన్ని నెరవేర్చడానికే దేవుడు తనను ఎన్నుకున్నాడని కొలంబస్ చెప్పుకునేవాడని కూడా రాశాడు. అచ్చులోకి ఎక్కిన తొలి కొలంబస్ జీవితకథల్లో అదొకటి, అదీ కీర్తనల పుస్తకంలో! ప్రశ్న ఒకటైతే జవాబు మరొకటి రాసే నాబోటివాళ్లకు ఆయన మూలపురుషుడు.

ఆ వ్యాఖ్యలో కొలంబస్‌ది సామాన్య కుటుంబమని రాసినందుకు అతని కుమారుడు హెర్నాండో మండిపడ్డాడు. 1571లో వెనిస్‌లో అచ్చయిన తండ్రి జీవితచరిత్రలో ఈ బిషప్పును అబద్ధాలకోరని దులిపేశాడు. కాని కొలంబస్ తండ్రి ఉన్ని నేతగాడని జెనోవా దస్తావేజులే చెబుతున్నాయి. మా తాతగారు చీరాలలో మగ్గం నేశారు. నేతగాడి కొడుకని రాస్తే పరువు పోయిందని ఏడ్చినవాడి మీద నాకు బొత్తిగా సానుభూతి లేదు.

అదే వచనంలో ఇంకొక సంగతి ఉంది, మీ ప్రసంగీకుణ్ణి మీరు అడగవలసినది అదే. మనం వాడే పాత తెలుగు బైబిల్లో అక్కడ "కొలనూలు" అనే మాట ఉంటుంది. హీబ్రూలో ఉన్నదీ కొలత తాడు అనే అర్థం వచ్చే మాటే. గ్రీకు, లాటిన్ పాఠాల్లో మాత్రం అక్కడ "స్వరం" అని ఉంటుంది; పౌలు రోమీయులకు రాసిన లేఖలో ఉదహరించినదీ ఆ గ్రీకు పాఠాన్నే. ఏది సరి అన్న వాదం నేను తేల్చలేను. అయితే ఈ రెండు మాటలూ ఒకే చూపులో పక్కపక్కన కనబడేలా పుట కట్టినవాడు హీబ్రూకు చేసిన సేవ, "మూలభాషలో దీని అర్థం ఏమిటంటే" అని యూట్యూబులో ఊదరగొట్టేవాళ్లు వెయ్యిమంది కలిసినా చేయలేరు. వాళ్లలో పదిమందిని పట్టి హీబ్రూలో మొదటి అక్షరమైన ఆలెఫ్ తరువాతి అక్షరం చెప్పమంటే తొమ్మిదిమంది నీళ్లు నములుతారని నా నమ్మకం.

కాగితం మీద 2000 ప్రతులు, రాజులకు పంపడానికి తోలు పుటల మీద మరో 50 ప్రతులు వేయించినట్టు, అమ్మకంతో పేద బంధువులను ఆదుకోవచ్చని ఆశపడినట్టు, చివరికి పావు వంతు కూడా సరిగా అమ్ముడుపోనట్టు ఆయనే తరువాత తన జెనోవా చరిత్రలో చెప్పుకున్నాడు. ప్రెస్సు ముఖం చూసిన ఎవరైనా 200తో మొదలుపెట్టమని చెప్పి ఉండేవారు.

కాలం కూడా కలిసిరాలేదు. 1509 నుంచి జర్మనీలో యూదుల గ్రంథాలను తగలబెట్టాలా వద్దా అన్న గొడవ రగులుతోంది. వద్దన్న రాయిక్లిన్ మీద విరుచుకుపడినవారు కొలోన్ దొమినికన్లు, అంటే జుస్తినియానీ సభవారే. ఒకే సభలో ఒకరు హీబ్రూ పుస్తకాలకు నిప్పు పెట్టాలంటుంటే ఇంకొకరు హీబ్రూ అచ్చులు పోతపోయిస్తున్నారు! మరీ ఎక్కువగా మెచ్చుకోకుండా ఇంకొకటి కూడా చెప్పాలి. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ పిలుపుపై పారిస్ వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయంలో హీబ్రూ చెబుతూ, 1520లో యూదు తత్త్వవేత్త మైమోనిదెస్ గ్రంథపు లాటిన్ అనువాదాన్ని అచ్చు వేయించిన ఈ మనిషే, అదే ఏడాది యూదులను ఖండించే ఒక పాత గ్రంథాన్నీ వేయించాడు. యూదుల భాష కావాలి, వారి పండితుల పుస్తకాలు కావాలి, వారి మతం మాత్రం ఓడిపోవాలి. ఆనాటి హీబ్రూ అభిమానం చాలావరకు ఇలాంటిదే, లూథర్‌ది కూడా ఇంతకన్నా మెరుగు కాదు. తన చివరి రోజుల్లో యూదుల గురించి ఆయన రాసినవి మీ ప్రసంగీకుడు చదివి ఉంటే ఈ విషయం ఎత్తేవారే కాదు.

1522లో ఐదవ చార్ల్స్ చక్రవర్తి సైన్యాలు జెనోవాను దోచుకున్నాయి. ఆ తరువాత జుస్తినియానీ ఎక్కువగా తన మేత్రాసనాన్నీ, జెనోవా చరిత్ర రచననూ చూసుకున్నాడు. వాదాల్లోకి దిగి పేరు తెచ్చుకున్నవాళ్ల జాబితాలో ఆయన కనిపించడు. తన గ్రంథాలయాన్ని జెనోవా గణతంత్రానికి రాసి ఇచ్చాడు. 1536లో జెనోవా, కోర్సికాల మధ్య ప్రయాణిస్తుండగా ఓడ మునిగి చనిపోయాడు. ఆయన రాసిన చరిత్ర మరుసటి ఏడాది అచ్చయింది.

ఇదంతా చెప్పి ఫాదర్ గారు నా దగ్గర ఎర్ర సిరా పెన్ను అడిగి తీసుకున్నారు. ప్రతి వచనం దగ్గర కింది పంక్తికి 1, దాని పైదానికి 2, ఇంకా పైన ఉంటే 3 అని అంకెలు వేసుకుంటూ, దుకాణం మూసే వేళకు ముప్పై అయిదు ప్రతులు పూర్తి చేశారు. స్వర్ణోత్సవానికి వచ్చినవారికి అవే పంచారు. ఆయన పోయి పదకొండేళ్లయింది, దుకాణం కూడా ఎత్తేశాను. మిగిలిన కట్టలు మా ఇంటి అటక మీద ఉన్నాయి. వాటిలో ఒకదానికి అంకెలు నేనే వేసి మీకు పోస్టులో పంపగలను, చిరునామా మెసేజ్ చేయండి.