హీల్స్ వేసుకోబోతున్న అమ్మలుకు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు విమానంలో ఉద్యోగానికి ఎంపికయ్యావనీ, వచ్చే నెలలో శిక్షణకు హైదరాబాదు వెళ్తున్నావనీ నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోనులో చెప్పగానే దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఆ తరువాత మాటల మధ్యలో, శిక్షణ మొదటి రోజు నుంచే మూడంగుళాల హీల్స్ వేసుకోవాలట, స్పోర్ట్స్ షూస్ తప్ప ఎరగని పిల్ల ఎలా నడుస్తుందో ఏమో అంటూ మీ అమ్మ నవ్వింది గాని, నాకు నవ్వు రాలేదు. బీచ్ రోడ్డులోని ఒక హోటల్ రిసెప్షన్‌లో ఇరవై ఆరేళ్లు హీల్స్ మీద నిలబడి జీతం తీసుకున్నదాన్ని కనుక, మరే విషయంలో వినకపోయినా ఈ ఒక్క విషయంలో నా మాట వినాలి.

జత ఎప్పుడూ సాయంత్రం పూటే కొనుక్కోవాలి, ఎందుకంటే పగలంతా తిరిగిన పాదం కొంత ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన చెప్పు రాత్రికి కరుస్తుంది. మొదటి జత రెండంగుళాలకు మించకూడదు, మడమ వెడల్పుగా ఉండాలి, చీలమండ చుట్టూ పట్టీ ఉండాలి. జగదాంబ జంక్షన్‌లో అద్దాల వెనక మెరిసే పెన్సిల్ హీల్ జోలికి ఇప్పుడే వెళ్లకు. మడమ కింది రబ్బరు బిళ్ల అరిగితే ఆ రోజే మార్పించుకో, అది అరిగిన చెప్పు గ్రానైట్ నేల మీద నూనె రాసినట్టు జారుతుంది. రోజూ అరగంట ఇంట్లో వేసుకుని, కూరలు తరుగుతూనో, ఫోను మాట్లాడుతూనో తిరుగు.

నడక సంగతికి వస్తే, చదునైన చెప్పులో ఉన్నప్పుడు ఒంటి బరువును మడమా, ముంగాలూ పంచుకుంటాయి. మడమ పైకి లేచేకొద్దీ ఆ బరువు ముందుకు జారి వేళ్ల మొదళ్ల మీద పడుతుంది. దాన్ని సరిచేసుకోవాలని కొత్తవాళ్లు మోకాళ్లు వంచి, నడుము వెనక్కి విరిచి, బురదలో కొంగలాగా అడుగులు వేస్తారు. అలా కాకుండా మోకాలు చాచి, అడుగు చిన్నది చేసి, ముందు మడమ ఆన్చి, వెంటనే బరువును మునివేళ్ల వైపు మెత్తగా దొర్లించాలి. చూపు నేల మీద కాక పది అడుగుల దూరంలో ఉండాలి. మడమా ముంగాలూ ఒకేసారి దబ్బున పడితే గుర్రపు డెక్కల చప్పుడు వస్తుంది. నిజానికి ఈ చెప్పు గుర్రపు రౌతులదేనట. రికాబులో పాదం జారకుండా ఉండడానికి పర్షియా రౌతులు ఎత్తు మడమల బూట్లు తొడిగేవారనీ, 17వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఎర్ర మడమలతో దర్బారులో తిరిగేవాడనీ ఎక్కడో చదివాను. గుర్రం మీద కూర్చునేవాడి చెప్పును పూటంతా నిలబడి పనిచేసే ఆడపిల్లకు తగిలించిన మహానుభావుడెవరో గాని, అతన్ని ఒక్క రోజు మా కౌంటరు వెనక నిలబెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇప్పుడు మీ అమ్మకు కూడా నేను పూర్తిగా చెప్పని సంగతి రాస్తాను. 1991లో, నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మా హోటల్ పైఅంతస్తు హాలులో ఒక పెద్ద పెళ్లి రిసెప్షన్ జరిగింది. ఆ రోజు కోసం నాలుగంగుళాల కొత్త జత కొని, ఒక్కసారైనా ఇంట్లో వేసి చూడకుండా, అదే వేసుకుని వెళ్లాను. చీర కూడా ఆ ఎత్తుకు తగ్గట్టు, అంచు మడమను కప్పేలా కట్టుకున్నాను. రాత్రి తొమ్మిదయ్యేసరికి వేళ్లు మండిపోయి, ఎవరూ చూడకుండా కౌంటరు కింద చెప్పులు విప్పేశాను. అంతలో పైనుంచి పిలుపు వచ్చింది. ఉబ్బిన పాదాలు మళ్లీ చెప్పుల్లో పట్టలేదు. నేలను ఊడ్చే చీర కింద కాళ్లు ఎవరికి కనిపిస్తాయిలే అనుకుని వట్టి కాళ్లతోనే మెట్లెక్కాను. దిగేటప్పుడు రెండు చేతుల్లోనూ రిజిస్టర్లు ఉన్నాయి. నాలుగంగుళాల ఎత్తుకు కట్టిన కుచ్చిళ్లు, ఆ ఎత్తు లేని పాదం కిందికి వచ్చాయి. అయిదు మెట్లు దొర్లి, కుడి చీలమండ లోపలికి మడతపడి కింద పడ్డాను.

పడడం నా తప్పు కాదు, ఎవరైనా పడతారు. అసలు తప్పు మర్నాడు ఉదయం చేశాను. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా నెల రోజులుంది. కుంటుతూ వెళ్తే ఈ పిల్ల ఈ పనికి పనికిరాదంటారని భయపడి, క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకుని, దాన్ని చీర అంచుతో కప్పి, మళ్లీ హీల్స్ వేసుకుని వెళ్లాను. మూడు వారాలు అలాగే నవ్వుతూ నిలబడ్డాను. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్తే, చీలమండ బయటివైపు లిగమెంట్లు సాగి వదులుగానే అతుక్కున్నాయని చెప్పి, నన్ను బాగా కేకలేశాడు. మడమ ఎత్తులో ఉన్నప్పుడు కీలు గూటిలోకి ఎముక తాలూకు సన్నని భాగం వస్తుందట, అందువల్ల ఆ భంగిమలో చీలమండకు సహజంగానే పట్టు తక్కువట. దెబ్బ తిన్న కాలిని నేను సరిగ్గా ఆ భంగిమలోనే మూడు వారాలు పెట్టాను.

అంతకుముందు ఏటా మీ అమ్మా నేనూ కొండ కింది తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడిచేవాళ్లం. ఆ తరువాత నేను నడవలేదు. కేజీహెచ్ ఆసుపత్రి దగ్గరి వాలు రోడ్డు, అదే మన కేజీహెచ్ డౌన్, దిగుతుంటే కూడా కాలు మడతపడేది. ప్రదక్షిణ రోజున ఇంట్లో పనుందని మీ అమ్మకు ఏటేటా చెప్పిన అబద్ధాలు లెక్కపెడితే నాకే సిగ్గు వేస్తుంది.

అందుచేత అమ్మలూ, కాలు బెణికితే ఆ నిమిషంలోనే పై అధికారికి చెప్పు, ఐసు పెట్టు, కాలు పైకి పెట్టుకుని కూర్చో, బరువు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించుకో. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నావని తెలిస్తే హైదరాబాదు వచ్చి మరీ చెవి మెలిపెడతాను. సంచిలో ఎప్పుడూ ఒక చదును జత ఉంచుకో; వేసుకోవడానికి రెండో జత లేకుండా మొదటిది విప్పకు. చీర కట్టాల్సిన రోజున ఏ చెప్పులతో కట్టావో ఆ చెప్పులతోనే ఉండు. మెట్లు దిగేటప్పుడు ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకుని కమ్మీ పట్టుకో. కన్నాలున్న ఇనప మెట్ల మీదా, కాలువ జాలీల మీదా ముంగాలితో మాత్రమే అడుగు వెయ్యి. ప్రమాద సమయంలో విమానం నుంచి జారి దిగే, గాలి నింపిన జారుడుబల్లను చింపుతాయని హీల్స్ విప్పించేస్తారు కదా, కనుక విమానం కూడా వాటిని పూర్తిగా నమ్మదని గుర్తుంచుకో. విమానం లోపల తిరిగేటప్పుడు తక్కువ ఎత్తు జత వేసుకోవచ్చేమో మొదటి రోజే అడుగు, అడగడానికి మొహమాటపడకు. రాత్రిపూట గోడకు చేతులు ఆన్చి, మడమలు నేలకు తగిలేలా పిక్కలు సాగదీసుకో. రోజూ ఎత్తు మీదే ఉంటే పిక్కల కండరాలు పొట్టిపడతాయి.

నీకు అయిదేళ్లప్పుడు మా ఇంట్లో నా నల్ల హీల్స్ తొడుక్కుని, వరండాలో టకటకమంటూ నడిచావు. నేను పరుగెత్తుకొచ్చి లాక్కుని, నీ వీపు మీద ఒకటి వేశాను. చెప్పులు పాడవుతాయని కొట్టాననుకుని నువ్వు ఏడ్చావు, అన్నం తినలేదు. ఆ వరండా చివర మూడు మెట్లున్నాయి, నీ కళ్లు మాత్రం నీ పాదాల మీదే ఉన్నాయి. ఆ సంగతి నీకు ఇన్నేళ్లూ చెప్పనేలేదు. చెప్పొద్దూ, నడక మాత్రం అప్పుడే ముచ్చటగా ఉండింది.

ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. రెండంగుళాల జత సిద్ధంగా ఉంచు, మీ మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి నాకు చూపించాలి. ఆ మెట్లకు కమ్మీ పెట్టించమని మరిదిగారికి పదేళ్లుగా చెబుతున్నాను. ఆదివారంలోగా పెట్టించకపోతే నేను మేడ మీదికి రానని, కాఫీ కూడా కిందే తాగి వెళ్తానని చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ